ఎంబెడెడ్ ఓఎస్‌లో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఎంచుకునేదెట్లా: వరంగల్ విద్యార్థులకు అడుగడుగు దారి

మా మామయ్యకు పరకాల దగ్గర రెండెకరాల మిరప చేను ఉంది. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నప్పుడు ఆ చేలో డ్రిప్ మోటరుకు ఒక టైమర్ చేసి పెట్టాను. ఆరు గంటలకోసారి ఇరవై నిమిషాలు నడిచి ఆగాలి, అంతే దాని పని. ఏడాదిపాటు ఏ పేచీ లేకుండా నడిచింది. కరెంటు పోయినప్పుడల్లా బోర్డు రీసెట్ అవుతోందని ఒక చిన్న బ్యాటరీ కలిపాను. రెండు నెలలు తిరగకముందే ఒక రాత్రి మోటరు తెల్లవార్లూ ఆగకుండా నడిచింది. నేను చేరుకునేసరికి దానంతట అదే సర్దుకుని బుద్ధిగా ఆరు గంటలకోసారి నడుస్తోంది. సాళ్లలో మాత్రం పాదం మునిగే నీళ్లు. "ఏందిర అల్లుడా, నీళ్లు పెట్టుమంటే నీ డబ్బ చెరువే చేసింది" అన్నాడు మామయ్య.

కారణం దొరకడానికి పది రోజులు పట్టింది. మిల్లీ సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల కౌంటర్ 4,29,49,67,295 దాకా వెళ్లి మళ్లీ సున్నాకు వస్తుంది. అంటే 49 రోజుల 17 గంటలు. ఆ గడువులో చివరి ఆరు గంటలు మిగిలి ఉండగా నా కోడ్ "ఇప్పటి సమయానికి ఆరు గంటలు కలుపు" అని లెక్క వేస్తే, వచ్చిన సంఖ్య సున్నా దాటి చిన్నదైపోయింది. "ఇప్పటి సమయం దాన్ని దాటిందా?" అంటే ఎప్పుడో దాటేసింది. ఆగిన మరుక్షణమే మోటరు మళ్లీ ఆన్. కౌంటర్ సున్నాకు వచ్చాక అంతా మామూలే. కరెంటు కోతలు ఉన్నన్నాళ్లూ ఏ కౌంటరూ 49 రోజులు బతకలేదు కాబట్టి తప్పు బయటపడలేదు. బ్యాటరీ పెట్టి నేనే బయటికి తెచ్చుకున్నాను.

అదే ఏడాది, చిన్న పరికరాల్లో పనులను గడువు తప్పకుండా నడిపించే ఒక పేరున్న రియల్ టైమ్ ఓఎస్‌కు "బహుళ కోర్ల మీద నడిచే కొత్త షెడ్యూలర్" (షెడ్యూలర్ అంటే ఏ పని ఎప్పుడు నడవాలో తేల్చే భాగం) అని పద్నాలుగు పేజీల ప్రతిపాదన పంపాను. రెండు ప్రశ్నలు అడిగారు: దీన్ని ఎట్లా పరీక్షిస్తావు, ఎవరికి కావాలి? రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. చేలో దొరికిన బగ్గుకు మాత్రం రెండు జవాబులూ ఉన్నాయి. ఇప్పుడు హన్మకొండలో ఉంటూ ఎంబెడెడ్ పనే చేస్తున్నాను. ఏటా శీతాకాలంలో జూనియర్లు ఇదే అడుగుతుంటారు: "అన్నా, ఏ ప్రాజెక్టు తీసుకోవాలె?" వాళ్లకు నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి అడుగు: చేతిలో ఏముందో రాసుకోండి

ప్రాజెక్టుల జాబితా తెరిచే ముందు ఒక కాగితం తీసుకోండి. వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు? మిడ్స్, ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్, ఉన్నవాళ్లకు బ్యాక్‌లాగ్స్, ఇవన్నీ తీసేయగా మిగిలేది రాయండి. కొత్తవాళ్లు ఎండాకాలంలో ఒక మెంటార్ చూపుతో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు కోడ్ రాసేందుకు గూగుల్ 2005 నుంచి నడుపుతున్న సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ప్రాజెక్టులు మూడు పరిమాణాల్లో ఉంటాయి: సుమారు 90 గంటలు, 175 గంటలు, 350 గంటలు. పన్నెండు వారాలు వారానికి పదిహేను గంటలు చేస్తే మధ్యదానికి సరిపోతుంది. పెద్దదానికి ముప్పై గంటలు కావాలి. ఎండాకాలం మొత్తం ఖాళీ అనుకుని పెద్దది ఎంచుకుంటారు. మన దగ్గర చాలా కాలేజీల్లో సెమిస్టర్ పరీక్షలు వచ్చి జూన్, జులైల్లో కూర్చుంటాయి. మధ్యది తీసుకుని పూర్తి చేసినవాడికే పరువు.

తర్వాత ల్యాప్‌టాప్. 8 జీబీ ర్యామ్ చాలు గానీ డిస్కులో కనీసం 40 జీబీ ఖాళీ చేసుకోండి. లినక్స్ ఉంటే మేలు. విండోస్‌లోనే లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టుకున్నా నడుస్తుంది, బోర్డును యూఎస్‌బీతో కలిపేటప్పుడు కొంచెం తిప్పలు పెడుతుంది. హాస్టల్ వైఫై సంగతి మీకు తెలిసిందే. ప్రాజెక్టుల కోడ్ ఉండే పెద్ద రిపాజిటరీలను తెల్లవారుజామున క్లోన్ చేసుకోండి.

ఇక మీకు సీ భాష ఎంత వచ్చు? పాయింటర్లు, స్ట్రక్టులు, బిట్ ఆపరేషన్లు, వోలటైల్ ఎందుకు రాస్తారో తెలిసి ఉండాలి. లింక్డ్ లిస్టు కాగితం మీద రాయగలిగి, ఇంటరప్ట్ వచ్చినప్పుడు ప్రాసెసర్ ఏం చేస్తుందో నాలుగు వాక్యాల్లో చెప్పగలిగితే మొదలుపెట్టొచ్చు. అసెంబ్లీ మొదటి రోజే రానక్కర్లేదు.

రెండో అడుగు: ఏ ఓఎస్

పదుల సంఖ్యలో ఉన్నాయి. నేను ఐదింటి గురించే చెబుతాను, వీటిలో నాలుగింటి కోడ్‌లో నా చేతులు కాలాయి.

ఫ్రీఆర్‌టీఓఎస్ 2003లో పుట్టింది, 2017 నుంచి అమెజాన్ చూసుకుంటోంది, లైసెన్సు ఎంఐటీ. దీన్ని చదవడానికి వాడుకోండి. కెర్నల్ (ఓఎస్ అసలు భాగం) గుండెకాయంతా మూడు సీ ఫైళ్లలో ఉంటుంది: టాస్కులు, క్యూలు, లిస్టులు. దసరా సెలవుల్లో చదివేయొచ్చు. అంత చిన్నది, అంత స్థిరపడినది కాబట్టి విద్యార్థికి కొత్తగా చేసే పని అందులో తక్కువ.

జెఫిర్ 2016లో లినక్స్ ఫౌండేషన్ గొడుగు కింద మొదలైంది, అపాచీ లైసెన్సు. రద్దీ ఎక్కువ. రద్దీ వల్ల లాభం, ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవాళ్లుంటారు. నష్టం, కొత్తవాళ్ల కోసం గుర్తు పెట్టిన చిన్న పనులను తెల్లారేలోపే ఎవరో ఎగరేసుకుపోతారు. బోర్డు మీద ఏ భాగాలున్నాయో చెప్పే డివైస్ ట్రీ, ఓఎస్‌లో ఏవి ఉండాలో ఎంచుకునే కేకాన్ఫిగ్ అర్థం కావడానికి రెండు వారాలు పడుతుంది, అయితే అదే విద్య లినక్స్ డ్రైవర్లకూ పనికొస్తుంది. ఉద్యోగం దృష్టితో చూసేవాళ్లకు ఇదే నా మొదటి సలహా.

ఆర్టెమ్స్ వీటన్నిటికీ పెద్దన్న. 1980ల చివర్లో అమెరికా సైన్యం క్షిపణుల కోసం మొదలైంది. పేరులోని ఎం అక్షరానికి అప్పట్లో అర్థం మిసైల్, ఇప్పుడు మల్టీప్రాసెసర్. అంగారకుడి చుట్టూ తిరిగే మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్‌లోని ఎలక్ట్రా రేడియో దీని మీదే నడుస్తుంది. బీఎస్‌డీ లైసెన్సు. విద్యార్థులను ఓపికగా చూసే సంఘం. సమ్మర్ ఆఫ్ కోడ్‌కు దరఖాస్తు చేసేవాళ్లు ముందుగా హలో ప్రోగ్రామును మార్చి, తమ సిమ్యులేటర్‌లో నడిపి చూపించాలని అడుగుతారు. ఆ నియమం నాకు చాలా ఇష్టం. మాటలు చెప్పేవాళ్లు అక్కడే రాలిపోతారు.

నట్‌ఎక్స్‌ను యూనిక్స్ తరహా ఓఎస్‌లకు ఉమ్మడి నియమాలైన పాజిక్స్ ప్రమాణానికి దగ్గరగా కట్టారు. 2007లో మొదలై 2019 చివర్లో అపాచీ గూటికి చేరింది. యూనిక్స్ పాఠాలు ఇష్టంగా చదివినవాళ్లకు అత్తారింట్లో కాదు, అమ్మగారింట్లో ఉన్నట్టుంటుంది. రయట్ బెర్లిన్, హాంబర్గ్ విశ్వవిద్యాలయాలు, ఫ్రాన్స్‌లోని ఇన్రియా కలిసి పెంచిన పిల్ల. తక్కువ కరెంటుతో నడిచే వైర్‌లెస్ నెట్‌వర్కుల మీద ఆసక్తి ఉంటే అటు వెళ్లండి. లైసెన్సు ఎల్‌జీపీఎల్.

ఐఐటీ మద్రాస్ వాళ్ల శక్తి, సీ-డాక్ వాళ్ల వేగ అనే రిస్క్-ఫైవ్ (ఎవరైనా వాడుకోగల ఓపెన్ ప్రమాణం) ప్రాసెసర్లు ఉన్నాయి కదా, వాటికి ఏదైనా చేద్దామనే ఉత్సాహం చాలామందిలో చూశాను. మంచిదే. కానీ బోర్డు మీ బల్ల మీద ఉంటేనే. రెండోది, ఆ బోర్డు మీ కోడ్ చూసి ఒప్పుకునే రివ్యూయర్ దగ్గర కూడా ఉండాలి. ఈ రెండో షరతును చాలామంది మర్చిపోతారు.

మూడో అడుగు: ఐడియా కంటే ముందు బిల్డు

ఏ ఐడియా మీదా మనసు పడకముందే, ఎంచుకున్న ఓఎస్‌ను మీ ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసి సిమ్యులేటర్‌లో నడపండి. రెండు సాయంత్రాలు గడువు పెట్టుకోండి. జెఫిర్‌కు నేటివ్ సిమ్, నట్‌ఎక్స్‌కు సిమ్, రయట్‌కు నేటివ్ అనే రకాలున్నాయి. వీటితో ఓఎస్ మొత్తం లినక్స్‌లో ఒక మామూలు ప్రాసెస్‌లా నడుస్తుంది, బోర్డుతో పని లేదు. నిజం చిప్పులా నడవాలంటే ప్రాసెసర్‌ను అనుకరించే క్యూఈఎమ్‌యూ ఉంది.

ఆర్టెమ్స్ సంగతి కొంచెం దగ్గరగా చూపిస్తాను. దానికి కంపైలర్‌తో సహా టూల్స్ అన్నిటినీ సోర్స్ నుంచి కట్టుకోవాలి, అందుకు సోర్స్ బిల్డర్ అనే స్క్రిప్టు ఇస్తారు. పాత ల్యాప్‌టాప్ అయితే అది నడుస్తుండగా భద్రకాళి గుడికి వెళ్లి, చెరువు గట్టు మీద కూర్చుని, తీరిగ్గా తిరిగి రావచ్చు. అయ్యాక ఎర్క్32 అనే పాత స్పార్క్ బోర్డుకు ఓఎస్‌ను కట్టి, సిస్ సిమ్యులేటర్‌లో టిక్కర్ అనే నమూనా ప్రోగ్రామును నడపండి. మూడు టాస్కులు లేస్తాయి. ఒకటి ఐదు సెకన్లకోసారి, రెండోది పదికి, మూడోది పదిహేనుకు సమయం అచ్చు వేస్తాయి. తెర మీద కనిపించే మొదటి సమయం 1988 డిసెంబరు 31, ఉదయం 9 గంటలు. మొదటిసారి చూసినప్పుడు నా సిస్టమ్ గడియారం చెడిపోయిందనుకుని గంటసేపు వెతికాను. ఆ తేదీని ప్రోగ్రాములోనే రాసి పెట్టారు.

ఇప్పుడు అందులో వేలు పెట్టండి. ఐదు సెకన్లను రెండు చేయండి. నాలుగో టాస్కు కలపండి. ఒక టాస్కుకు ప్రాధాన్యం పెంచి, దాన్ని నిద్రపోనివ్వకుండా ఊరికే తిరిగే లూపులో పెట్టండి. మిగతావాటి నోరు మూతపడుతుంది. తరగతిలో ప్రయారిటీ షెడ్యూలింగ్ అని బట్టీ పట్టిన మాట ఆ క్షణంలో కళ్లముందు కనబడుతుంది. రెండు సాయంత్రాల్లో ఇంతదాకా రాలేకపోతే, ఎక్కడ ఆగిందో పూర్తి లాగ్‌తో అడగండి. అప్పటికీ కాకపోతే వేరే ఓఎస్ చూసుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

బోర్డు ఇప్పుడే కొనొద్దు. కొనాల్సి వచ్చినప్పుడు రాస్‌బెర్రీ పై పికోలు రెండు కొనండి. ఒక్కోటి నాలుగైదు వందల్లో దొరుకుతుంది. ఒకదాని మీద మీ కోడ్ నడుస్తుంది, రెండోదాన్ని డీబగ్గర్‌గా మార్చుకోవచ్చు. ఎనిమిది ఛానెళ్ల చవక లాజిక్ అనలైజర్ ఒకటి తోడుంటే ల్యాబ్‌లో సార్లను తాళంచెవి అడిగే పని తప్పుతుంది. బ్లూ పిల్ అని అమ్మే నీలం బోర్డుల్లో నకిలీ చిప్పులు చాలా తిరుగుతున్నాయి. బగ్ మీ కోడ్‌లో ఉందో చిప్పులో ఉందో తేల్చుకోలేక సెమిస్టర్ గడిచిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లేవాళ్లు కూడా చూసి తీసుకోండి.

నాలుగో అడుగు: పనుల్లో రకాలు, ఉచ్చులు

ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

కొత్త షెడ్యూలర్ అల్గారిథమ్. నేను పడ్డ గొయ్యి ఇదే. షెడ్యూలర్ అనేది వందలమంది ఉత్పత్తులు ఆనుకుని ఉన్న స్తంభం. మూడు నెలల్లో వచ్చి వెళ్లే మనిషి చేతికి దాన్ని ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మీరు రాసినా అది మెయిన్‌లోకి (ప్రాజెక్టు అసలు కోడ్‌లోకి) చేరదు, మీ ఫోర్క్‌లో (మీ సొంత కాపీలో) దుమ్ము పట్టి ఉంటుంది.

కొత్త బోర్డుకు పోర్ట్ చేయడం. వినడానికి తేలిక. బ్లాక్ డయాగ్రమ్‌లో ఒక పెట్టె, అంతే. తీరా దిగితే క్లాక్ ట్రీ, లింకర్ స్క్రిప్టు, స్టార్టప్ కోడ్, యూఆర్ట్‌లో (సీరియల్ తీగ మీద) మొదటి అక్షరం కనబడేదాకా చీకటి. చిప్పును ఓఎస్ ఇప్పటికే గుర్తిస్తూ, బోర్డు మాత్రమే కొత్తదైతే పరవాలేదు. చిప్పే కొత్తదైతే మొదటి ప్రాజెక్టుగా వద్దు.

మెషీన్ లెర్నింగ్ కలుపుతాను, బ్లాక్‌చెయిన్ కలుపుతాను లాంటివి. ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినర్లు చిరునవ్వు నవ్వి పక్కన పెట్టేస్తారు.

డాక్యుమెంటేషన్ మాత్రమే. ఇది విలువైన పని, మొదటి ప్యాచ్‌గా (పంపే మార్పుగా) చాలా మంచిది. అయితే సమ్మర్ ఆఫ్ కోడ్ కోడ్ ప్రాజెక్టుల కోసమే, ఒట్టి పత్రాల ప్రాజెక్టు అక్కడ చెల్లదు.

పనికొచ్చేవి చూద్దాం. చిప్పుకు మద్దతు ఉంది, దానిలోని ఒక్క భాగానికి డ్రైవర్ లేదు: ఓఎస్ ఇరుక్కుపోతే రీసెట్ చేసే వాచ్‌డాగ్, పల్సుల వెడల్పుతో పవర్‌ను అదుపు చేసే పీడబ్ల్యూఎం, వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీ లాంటిది. హద్దులు తెలుస్తాయి, డేటాషీట్ ఉంది, పక్క చిప్పు డ్రైవర్ చూసి నడక నేర్చుకోవచ్చు. పాజిక్స్‌లో లేని ఫంక్షన్లను పూర్తి చేయడం ఇంకోటి. ఒక హెడర్ తీసుకుని అందులో ఉండాల్సినవి రాసి, ఓఎస్‌లో ఉన్నవి కొట్టేస్తే మిగిలిందే మీ పని. ఒక జాగ్రత్త: బీఎస్‌డీ, అపాచీ లైసెన్సుల ప్రాజెక్టుకు పని చేస్తూ లినక్స్‌లోని జీపీఎల్ కోడ్‌ను తెచ్చి అతికించొద్దు. ఫ్రీబీఎస్‌డీ నుంచి తెస్తే లైసెన్సు అడ్డు రాదు, పైనున్న కాపీరైటు పంక్తులు మాత్రం తీసేయకూడదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి టెస్టులు. ఇవి ఎవరూ అడగరు, అందుకే పోటీ ఉండదు. అయితే ఓఎస్ లోపల ఏం జరుగుతుందో టెస్టు రాసేవాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఒక ఉదాహరణ.

1997 జులైలో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ ఊరికే రీసెట్ అవుతుండేది. అందులో ఉన్నది వీఎక్స్‌వర్క్స్ అనే ఓఎస్. జరిగింది కాజీపేట జంక్షన్‌లో నిలబడి ఊహించుకోండి. ఒక గూడ్స్ బండి ఒకే లైను ఉన్న సెక్షన్‌లో ఉంది. వెనక సూపర్‌ఫాస్ట్ ఆ సెక్షన్ కోసం ఎదురుచూస్తోంది. గూడ్స్ కదిలి బయటికొస్తే చాలు. కానీ ముందున్న జంక్షన్‌లో పుష్‌పుల్ బండ్లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే, గూడ్స్ కంటే వాటికే ప్రాధాన్యం కాబట్టి వాటినే వదులుతున్నారు. పుష్‌పుల్‌కూ సూపర్‌ఫాస్ట్‌కూ నేరుగా సంబంధమే లేదు, అయినా సూపర్‌ఫాస్ట్ ఆగిపోయింది. పాత్‌ఫైండర్‌లో గూడ్స్ బండి వాతావరణ సమాచారం సేకరించే టాస్కు, సెక్షన్ ఒక మ్యూటెక్స్, అంటే ఒకసారి ఒక్క టాస్కే పట్టుకోగల తాళం. ముఖ్యమైన బస్ టాస్కు గడువు దాటిపోవడంతో సిస్టమ్ తనను తాను రీసెట్ చేసుకుంది. మందు ఏమిటంటే, సూపర్‌ఫాస్ట్ ఎదురుచూస్తున్నంతసేపు గూడ్స్‌కే సూపర్‌ఫాస్ట్ హోదా ఇచ్చేయడం. దీన్ని ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ అంటారు. ఆ మ్యూటెక్స్‌కు ఆ సౌకర్యం ఆపేసి ఉంది. భూమి నుంచి మార్పు పంపి ఆన్ చేశారు.

ఇప్పుడు మీ ఓఎస్‌లో దీనికి టెస్టు ఉందో లేదో చూడండి. మూడు టాస్కులకు ఒక మ్యూటెక్స్ అయితే ఉండే ఉంటుంది. ఒక టాస్కు రెండు మ్యూటెక్సులు పట్టుకుని, ఒకటి వదిలితే ప్రాధాన్యం ఎంతకు దిగాలి? ఎదురుచూస్తున్న టాస్కు టైమ్‌అవుట్ అయి వెళ్లిపోతే గూడ్స్‌కు ఇచ్చిన హోదా వెనక్కి తీసుకున్నారా? గొలుసులా ఒకటి వెనక ఒకటి ఆగితే? ఈ మూడు ప్రశ్నలు రాసి పట్టుకెళ్తే మెయింటెయినర్ కుర్చీలో ముందుకు జరిగి వింటాడు. ఏదో ఒకదాంట్లో తప్పు దొరికిందంటే మీ ప్రాజెక్టు దానంతట అదే తయారైనట్టు.

ఐదో అడుగు: బతికున్న ఐడియానా, కాదా

ప్రాజెక్టులు ఐడియాల పేజీలు పెడతాయి. వాటిలో కొన్ని ఐదారేళ్లుగా అక్కడే వేలాడుతుంటాయి. ఐడియాకు సంబంధించిన ఫైళ్లేవో కనుక్కుని, గిట్ లాగ్‌లో ఆ ఫైళ్ల చరిత్ర చూడండి. గత ఆరు నెలల్లో ఎవరైనా ముట్టారా? ముట్టినవాళ్లే మీకు రివ్యూయర్లు. ఎవరూ ముట్టకపోతే మీ ప్యాచ్‌నూ ఎవరూ ముట్టరు.

పాత విద్యార్థులెవరైనా అదే పని మొదలుపెట్టి వదిలేశారా చూడండి. వదిలేసిన బ్రాంచి ఉందంటే దాన్ని నిధిలాగా చూసుకోండి. సగం పని అయింది, రివ్యూలో ఏమన్నారో రాసి ఉంది. "దీన్ని పూర్తి చేసి మెయిన్‌లో కలుపుతాను" అన్న ప్రతిపాదన కొత్త ఐడియా కంటే బరువుగా ఉంటుంది. పాత రచయిత పేరు కమిట్‌లో ఉంచడం మర్యాద.

తర్వాత అడగండి. ఎట్లా అడగాలో కూడా చెబుతాను, ఎందుకంటే మన పిల్లల సందేశాలు ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి: "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ప్రాజెక్ట్, ప్లీజ్ గైడ్ మీ." దీనికి జవాబు రాదు, వచ్చినా డాక్యుమెంటేషన్ చదవమని వస్తుంది. అక్కడ సార్లు, మేడమ్‌లు లేరు. పేరు పెట్టి పిలిస్తే అమర్యాద అనుకోరు. ఇట్లా రాయండి: ఫలానా వెర్షన్‌ను ఫలానా సిమ్యులేటర్‌లో నడిపాను, ఫలానా టెస్టు ఫెయిలైంది, లాగ్ ఇది, నా అనుమానం ఇది, దీన్ని సరిచేయడం ప్రాజెక్టుకు పనికొస్తుందా? ఐదు వాక్యాలు. వ్యక్తిగత సందేశం కాకుండా అందరూ చూసేచోట అడగండి. అమెరికా వాళ్లు మన సాయంత్రం ఏడు దాటాక లేస్తారు, యూరప్ వాళ్లు మధ్యాహ్నం నుంచే ఉంటారు. రెండు మూడు రోజులు ఓపిక పట్టాకే గుర్తు చేయండి.

ఆరో అడుగు: 'అయింది' అంటే ఏమిటో రాయండి

ఐడియా దొరికాక ప్రతిపాదన మొదలుపెట్టకండి. ముందు ఒక్క పేరా రాయండి: ఈ పని అయిపోయిందని మెయింటెయినర్ తన మెషీన్ మీద ఏ ఆదేశం నడిపి, ఏం చూసి నమ్ముతాడు? ఈ పేరా రాయలేకపోతే ప్రాజెక్టు మార్చండి.

నా చేను బగ్గునే తీసుకుంటే ఇట్లా ఉంటుంది. డ్రైవర్లలో సమయాన్ని నేరుగా పోల్చే చోట్లు వెతకాలి. "ఇప్పుడు, గడువు కంటే పెద్దదా" అని ఉన్నచోట, రెండింటి తేడా తీసి దాన్ని ప్లస్, మైనస్ గుర్తు ఉండే (సైన్డ్) సంఖ్యగా చూసి, సున్నా కంటే తక్కువా ఎక్కువా అని అడగాలి. అట్లా రాస్తే కౌంటర్ తిరిగినా తేడా సరిగ్గానే వస్తుంది, గడువు కౌంటర్ పరిధిలో సగానికి మించనంతవరకు. కానీ సరిచేశామని నిరూపించడానికి 49 రోజులు కూర్చోలేం కదా. లినక్స్ కెర్నల్ వాళ్లు దీనికి తమాషా ఉపాయం చేశారు. కెర్నల్ లేచేటప్పుడు జిఫ్ఫీస్ అనే కౌంటర్‌ను సున్నా నుంచి మొదలుపెట్టరు. 32 బిట్లు తిరగడానికి సరిగ్గా ఐదు నిమిషాల ముందు నుంచి మొదలుపెడతారు. ఎవరి డ్రైవర్‌లోనైనా ఈ తప్పు ఉంటే మెషీన్ ఆన్ చేసిన ఐదు నిమిషాల్లో బయటపడుతుంది, రెండు నెలల తర్వాత ఎవడి చేలోనో కాదు.

కాబట్టి 'అయింది' పేరా: సిమ్యులేటర్‌లో టిక్ కౌంటర్‌ను తిరగడానికి పది సెకన్ల ముందు నుంచి మొదలుపెట్టే ఒక కాన్ఫిగరేషన్ ఇస్తాను. దానితో ఉన్న టెస్టులన్నీ నడిపితే ప్యాచ్‌కు ముందు ఇన్ని ఫెయిలవుతాయి, తర్వాత అన్నీ పాసవుతాయి. ఇంతే. ఎవరికి కావాలన్న ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది. కరెంటు పోకుండా 50 రోజులు నడిచే ప్రతి పరికరానికీ.

ఏడో అడుగు: ఒక చిన్న ప్యాచ్, ఆ తర్వాత ప్రతిపాదన

దరఖాస్తుకు కనీసం నెల ముందు ఒక చిన్న ప్యాచ్ పంపి కలిపించుకోండి. కంపైలర్ హెచ్చరిక ఒకటి పోగొట్టడం చాలు. ఉద్దేశం కోడ్ కాదు, దారి తెలుసుకోవడం: ఫార్మాట్ ఎట్లా ఉండాలి, టెస్టులు ఎట్లా నడుస్తాయి, ఎవరు కటువుగా రాస్తారు, ఎవరు ఓపికగా రాస్తారు. జెఫిర్‌లో కమిట్ కింద సంతకం పంక్తి లేకపోతే యంత్రమే తిప్పి పంపుతుంది. నా మొదటి ప్యాచ్ పదకొండు పంక్తులు, దాని మీద పంతొమ్మిది వ్యాఖ్యలు. ఆ రాత్రి అన్నం సయించలేదు. తర్వాత చూస్తే పదిహేడు స్పేసుల గురించే.

ప్రతిపాదన ఐదారు పేజీలు చాలు. వారాలవారీగా పని విడగొట్టండి, పరీక్షల వారాలు ఖాళీగా చూపించండి. దాచిపెడితే జులైలో దొరికిపోతారు. మొదటి సగంలోనే ఏదో ఒకటి మెయిన్‌లో కలిసేట్టు ప్లాన్ ఉండాలి. చివర్లో ఒకేసారి అంతా ఇస్తానంటే నమ్మరు. చాట్‌బాట్‌తో రాయించిన ప్రతిపాదనను రోజుకు పది చూసే మెంటార్ ఇట్టే పట్టేస్తాడు. మీ ఇంగ్లిష్ వంకరగా ఉన్నా మీ లాగ్ ఫైలు సరిగ్గా ఉంటే సరిపోతుంది. సమ్మర్ ఆఫ్ కోడ్‌లో మూడు ప్రతిపాదనల దాకా పంపొచ్చు. నేనైతే రెండే పంపమంటాను, అదీ ఒకే ఓఎస్‌కు.

ఎంపిక కాకపోతే? ఆ 'అయింది' పేరా మీ దగ్గరే ఉంది. మెంటార్ పేరు తెలుసు, బిల్డ్ నడుస్తోంది. నాలుగో ఏడు మేజర్ ప్రాజెక్టుగా అదే చేయండి. అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొనే ప్రాజెక్టుకు అయ్యే ఖర్చులో రెండు పికోలు, అనలైజర్ వచ్చి, పైన బిర్యానీకి కూడా మిగులుతుంది. గైడ్‌కు టైటిల్ గంభీరంగా కావాలంటే "32 బిట్ల కాలగణన పరిమితుల నిర్ధారణ" అని పెట్టుకోండి, వైవాలో చేను కథ చెప్పండి.

మామయ్య చేలో ఆ డబ్బా ఇంకా ఉంది. దాని కౌంటర్ ఇప్పుడు సున్నా నుంచి లేవదు, తిరగడానికి ఐదు నిమిషాల ముందు నుంచి లేస్తుంది. స్విచ్చు వేసిన ప్రతిసారీ మామయ్య గట్టు మీద కూర్చుని ఐదు నిమిషాలు దాన్నే చూస్తాడు, ఆ తర్వాతే ఇంటికి పోతాడు.